సంతకం ఒకరిది, శిక్ష మరొకరికి

ప్రభుత్వ కార్యాలయంలో ముప్పై ఏళ్లకు పైగా గుమాస్తాగా పనిచేసి విరమించిన మాకు ఒక సంగతి బాగా తెలుసు. విరిగిన కుర్చీని బాగు చేయించాలన్నా ఫైలు నడవాలి, పై అధికారి సంతకం పడాలి, వోచరు జతపడాలి. ఆ తర్వాత ఏ రెండేళ్లకో ఆడిట్ వారు వచ్చి ఆ వోచరు ఏదని అడుగుతారు. ఒక్క కాగితం కనబడకపోయినందుకు గుమాస్తా పింఛను ఆగిపోయిన సందర్భాలను మేము కళ్లారా చూశాము. అటువంటి మాకు ఈ వయసులో కూడా అంతుబట్టనిది ఒకటున్నది. పరాయి దేశంలో తిరుగుబాటును లేవదీయడానికి, అక్కడి ప్రభుత్వాన్ని కూలదోయడానికి, ఊళ్లకు ఊళ్లను యుద్ధంలోకి దింపడానికి సంతకం పెట్టిన పెద్దలను ఏ ఆడిటూ ఎందుకు అడగదు?

ఇది ఊహలో పుట్టిన ప్రశ్న కాదు. అటువంటి సంతకాలున్నవి. వాటికి తేదీలున్నవి. రహస్యపు గడువు తీరిన తర్వాత కొన్ని కాగితాలు బయటికి కూడా వచ్చాయి. ఆ సంతకాలకు ఇళ్లతోనూ ప్రాణాలతోనూ మూల్యం చెల్లించిన వారిలో అసంఖ్యాకులు ముస్లిం ప్రజలే. ఇంత జరిగిన పిమ్మట ఈ హింసకు కారకులెవరని లోకం అడిగినప్పుడు వేళ్లు చూపినది కూడా ముస్లింల వైపే. ఈ తలకిందుల లెక్కను పాఠకుల ముందు విప్పి చూపడమే మా ఉద్దేశం.

టెహరాన్ వీథుల్లో డాలర్లు

1951లో ఇరాన్ పార్లమెంటు తమ నేలలోని చమురును జాతీయం చేసింది. అంతవరకు ఆ చమురుపై పెత్తనం ఒక బ్రిటిష్ కంపెనీది. ఆ నిర్ణయాన్ని అమలు చేయడానికి పూనుకున్న ప్రధాని ముహమ్మద్ ముసద్దిఖ్. ఆయన ఎవరి మీదికీ దండెత్తలేదు, ఎవరి నౌకనూ ముంచలేదు. తమ సొత్తు తమదేనన్నాడు. అదే ఆయన నేరమైంది.

1953లో అమెరికా గూఢచార సంస్థ సీఐఏ, బ్రిటన్ గూఢచార సంస్థ కలిసి ఆయనను పడగొట్టే పథకం రచించాయి. టెహరాన్‌లో పని నడిపినవాడు కెర్మిట్ రూజ్వెల్ట్, అమెరికా పూర్వాధ్యక్షుడు థియొడోర్ రూజ్వెల్ట్‌కు మనుమడు. పత్రికల్లో రాతలు కొన్నారు, వీథుల్లో గుంపులను కొన్నారు, సైన్యాధికారులను కూడగట్టారు. మొదటి ప్రయత్నం విఫలమైనా ఆగస్టు 19న పని ముగిసింది. ముసద్దిఖ్‌కు మూడేళ్ల జైలు, ఆ పైన 1967లో కన్నుమూసేవరకు గృహనిర్బంధం. షా పాలన మరి ఇరవై ఐదేళ్లు సాగింది. ఆ కుట్రలో తమ పాత్రను నిర్ద్వంద్వంగా అంగీకరించే సీఐఏ పత్రం ప్రజల ముందుకు వచ్చినది 2013లో, అంటే అరవై ఏళ్లకు. అప్పటికి సంతకం పెట్టినవారు లేరు, నష్టపోయిన తరమూ లేదు. ఇరాన్ ప్రజలకు అమెరికాపై ఎందుకంత కోపమని ఆశ్చర్యపడే మేధావులు మాత్రం ఈనాటికీ ఉన్నారు.

అఫ్ఘన్ నేలపై అరువు తెచ్చిన నినాదం

ఇక అఫ్ఘానిస్తాన్. ఈ ప్రస్తావనలో ముందుగా మా తప్పు మేము ఒప్పుకోవాలి. 1980ల్లో రాత్రి పూట రేడియో ముందు కూర్చుని ఉర్దూ వార్తలు వినే అలవాటు మా ఇంట్లో ఉండేది. ముజాహిదీన్లు ఫలానా లోయలో సోవియట్ హెలికాప్టరును కూల్చారని వినగానే మేము మురిసిపోయేవారము. పేదలైన విశ్వాసులు ఒక మహా సామ్రాజ్యాన్ని ఎదిరిస్తున్నారని మసీదు మెట్ల మీద చెప్పుకునేవారము. ఆ హెలికాప్టరును కూల్చిన క్షిపణి ఎవరిదని గాని, ఎవరి డబ్బుతో ఆ కొండ దారికి చేరిందని గాని మేము అడగలేదు. అడగవలసి ఉండెను.

సోవియట్ సైన్యం కాబూల్‌లోకి దిగినది 1979 డిసెంబరు చివరి వారంలో. అయితే కాబూల్‌లోని సోవియట్ అనుకూల ప్రభుత్వంపై పోరాడుతున్న వారికి రహస్య సహాయం అందించే ఉత్తర్వుపై అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ అదే ఏడాది జులై 3న సంతకం చేశాడు. అప్పటి కేటాయింపు సుమారు ఐదు లక్షల డాలర్లు, అదీ ఆయుధాలకు కాదు. సోవియట్ దండయాత్ర తర్వాత ఆయుధాల తూము తెరుచుకున్నది. 1987 నాటికి అమెరికా వాటా ఏడాదికి 60 కోట్ల డాలర్లు దాటింది. సౌదీ ప్రభుత్వం డాలరుకు డాలరు జత చేసింది. 1986 నుండి స్టింగర్ క్షిపణులు వచ్చాయి. మొత్తం రెండు వేలకు పైగా ఇచ్చారని లెక్క. యుద్ధం ముగిసిన తర్వాత మిగిలిపోయిన వాటిని తిరిగి కొనడానికి అదే సీఐఏ మళ్లీ డబ్బు సంచులు పట్టుకుని తిరగవలసి వచ్చింది. మా కార్యాలయంలో ఇటువంటి కొనుగోలు ఫైలు వచ్చి ఉంటే ఆడిట్ వారు ఏమని రాసి ఉండేవారో ఊహించుకోండి.

ఆ ఆయుధాలను పంచే తాళంచెవి అఫ్ఘన్ ప్రజల చేతిలో లేదు. అది జియావుల్ హఖ్ పాలనలోని పాకిస్తాన్ గూఢచార సంస్థ ఐఎస్ఐ చేతిలో ఉండెను. పెషావర్‌లో ఏడు పార్టీలను గుర్తించి వాటి ద్వారానే సరుకు పంపారు. అన్నింటికంటె పెద్ద వాటా గుల్బుద్దీన్ హిక్మత్యార్ పక్షానికి దక్కింది. ప్రజల్లో ఎవరికి పలుకుబడి ఉన్నదని చూడలేదు, ఎవరు తమ మాట వింటారని చూశారు. దారిలో ఎంత సరుకు ఎటు పోయిందో ఎవరికీ తెలియదు. 1988 ఏప్రిల్ 10న రావల్పిండి సమీపాన ఓజ్డీ శిబిరంలో ఆ ఆయుధాల గోదాము పేలినప్పుడు రాకెట్లు అక్కడి పౌరుల ఇళ్ల మీదనే పడ్డాయి. పరాయి దేశం కోసం దాచిన నిప్పు పక్కింటిని కాల్చడానికి ఎంతసేపు?

ఆయుధం కంటె మమ్మల్ని ఎక్కువగా బాధించినది పలక. అమెరికా ప్రభుత్వ నిధులతో, ఆ దేశపు నెబ్రాస్కా విశ్వవిద్యాలయం ఒమహా ప్రాంగణంలోని ఒక కేంద్రం ఆధ్వర్యంలో, అఫ్ఘన్ పిల్లలకు దరీ, పష్తూ భాషల్లో పాఠ్యపుస్తకాలు తయారయ్యాయి. 1984 నుండి పదేళ్లలో ఈ విద్యా కార్యక్రమానికి 5 కోట్ల డాలర్ల వరకు ఖర్చు పెట్టారు. ఆ పుస్తకాల్లో తుపాకులు, ట్యాంకులు, మందుపాతరల బొమ్మలుండేవి. కూడికలు, తీసివేతలు నేర్పడానికి తుపాకి గుండ్లు, చంపిన సైనికుల సంఖ్యలు ఉండేవి. జిహాద్ అనే మాటను అక్షరమాలలో పెట్టి ఆరేళ్ల పిల్లవానికి నేర్పినది ఏ మదరసా మౌల్వీయో అని లోకం అనుకుంటున్నది. ఆ అచ్చు ఖర్చు ఎవరి ఖజానా నుండి వచ్చిందో ఎందరికి తెలుసు? 1980 ఫిబ్రవరిలో కార్టర్ సలహాదారు బ్రెజిన్‌స్కీ ఖైబర్ కనుమ దగ్గరికి వచ్చి, మీ పోరాటం ధర్మమైనదని, దేవుడు మీ పక్షాన ఉన్నాడని శరణార్థులకు ఉపదేశించాడు. వాషింగ్టన్ నుండి వచ్చిన అధికారి దేవుని పక్షాన మాట ఇచ్చినప్పుడే మనం ఉలిక్కిపడి ఉండవలసింది.

ఫలితం మనకు తెలిసినదే. 1989 ఫిబ్రవరి 15న సోవియట్ సైన్యం వెళ్లిపోయింది. అప్పటికి యాభై లక్షలకు పైగా ప్రజలు పాకిస్తాన్, ఇరాన్‌లలో శరణార్థులు. మృతుల సంఖ్య పది లక్షలు ఉంటుందని అంచనాలు. 1992 ఏప్రిల్‌లో నజీబుల్లా ప్రభుత్వం పడిపోగానే ముజాహిదీన్ పక్షాలు ఒకదానిపై ఒకటి విరుచుకుపడ్డాయి. సోవియట్ వారి కాలంలో చాలావరకు నిలిచి ఉన్న కాబూల్ నగరం, వారు వెళ్లిన తర్వాత స్వజనుల రాకెట్లతో నేలమట్టమైంది. ఆ రాకెట్లు కురిపించిన వారిలో ముఖ్యుడు అందరికంటె పెద్ద వాటా పుచ్చుకున్న హిక్మత్యారే. 1996లో తాలిబాన్, 2001లో అమెరికా బాంబులు, 2021 ఆగస్టులో మళ్లీ తాలిబాన్. నలభై ఏళ్లలో అఫ్ఘన్ తల్లికి ఒక్క తరం కూడా తుపాకి చప్పుడు లేకుండా పెరగలేదు.

ఒక ఆక్షేపణకు సమాధానం

సోవియట్ దురాక్రమణను చూస్తూ ఊరుకోవాలా, అఫ్ఘన్ ప్రజలకు తిరగబడే హక్కు లేదా అని కొందరు మిత్రులు మమ్మల్ని అడుగుతారు. ఆ హక్కు నిస్సంశయంగా ఉన్నది. సోవియట్ దండయాత్ర నేరమే. 1980 జనవరిలో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలో 104 దేశాలు విదేశీ సైన్యం వెంటనే వైదొలగాలని ఓటు వేశాయి. శరణార్థికి బహిరంగంగా అన్నం పెట్టడం, గాయపడినవానికి వైద్యం చేయడం, ప్రపంచ సభలో గొంతెత్తడం ధర్మం. ఒక జాతి కన్నీటిని తన శత్రువు మీద విసిరే రాయిగా వాడుకోవడం వేరు. ఎవరికి తుపాకి ఇవ్వాలో, ఎవరిని నాయకుడు చేయాలో, ఎప్పుడు వదిలిపోవాలో పరాయి రాజధానిలో నిర్ణయమైనప్పుడు ఆ పోరాటం ఇక ఆ ప్రజలది కాదు. సహాయం చేసినవాడు బాధితునితో నిలబడతాడు. వాడుకున్నవాడు పని కాగానే వెళ్లిపోతాడు. అఫ్ఘానిస్తాన్‌లో ఏది జరిగిందో చరిత్రే చెప్పింది.

హేగ్ తీర్పును మరిచిపోరాదు

దీనికి చట్టం లేదా అంటే ఉన్నది. ఒక రాజ్యం మరొక రాజ్యంలో ప్రభుత్వాన్ని బలప్రయోగంతో కూలదోసే సాయుధ చర్యలను ప్రోత్సహించరాదని, వాటికి ధనసహాయం చేయరాదని, తన గడ్డపై సహించరాదని 1970లోనే ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ ప్రకటించింది. ఈ సూత్రం న్యాయస్థానంలో నిలబడిన సందర్భం కూడా ఉన్నది. అది ముస్లిం దేశం వ్యవహారం కాదు, మధ్య అమెరికాలోని నికరాగువా అనే చిన్న దేశం వ్యవహారం.

అక్కడి సాండినిస్టా ప్రభుత్వాన్ని పడగొట్టడానికి రొనాల్డ్ రీగన్ ప్రభుత్వం కాంట్రాలనే సాయుధ ముఠాలకు డబ్బు, ఆయుధాలు, శిక్షణ ఇచ్చింది. 1984లో సీఐఏ ఆ దేశపు రేవుల్లో మందుపాతరలు కూడా పెట్టించింది. నికరాగువా హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లింది. విచారణ తమ చేతికి రాదని తెలిసిన అమెరికా మధ్యలోనే కోర్టును బహిష్కరించింది. 1986 జూన్ 27న తీర్పు వచ్చింది. కాంట్రాలకు శిక్షణ, ఆయుధాలు, ధనం ఇవ్వడం ద్వారా అమెరికా ఇతర దేశ వ్యవహారాల్లో జోక్యం చేసుకోరాదన్న అంతర్జాతీయ ధర్మాన్ని ఉల్లంఘించిందని 12 మంది న్యాయమూర్తులు నిర్ణయించారు, ముగ్గురు విభేదించారు. ఆనాడు ఆ న్యాయస్థానానికి అధ్యక్షుడు మన దేశస్థుడైన నాగేంద్ర సింగ్ అన్నది మనం గర్వంగా గుర్తు పెట్టుకోదగిన సంగతి. తీర్పును అమలు చేయించమని భద్రతా మండలిలో తీర్మానం పెడితే అమెరికా వీటో చేసింది. ముద్దాయే జడ్జి కలం లాక్కున్నట్లయింది.

అదే ఏడాది చివర మరొక గుట్టు రట్టయింది. కాంట్రాలకు సైనిక సహాయాన్ని అమెరికా పార్లమెంటు నిషేధించగా, అధ్యక్ష కార్యాలయంలోని వారు ఇరాన్‌కు రహస్యంగా క్షిపణులు అమ్మి, ఆ డబ్బులో కొంత కాంట్రాలకు మళ్లించారు. అప్పుడు ఇరాన్, ఇరాక్ యుద్ధం సాగుతున్నది. ఇరాక్‌కు ఒక చేత్తో గూఢచార సమాచారం, ఇరాన్‌కు మరొక చేత్తో క్షిపణులు. రెండు వైపులా నేలకొరిగినవారు కలిమా చదివినవారే. ఈ వ్యవహారంలో కేసులు నడిచిన ఆరుగురికి 1992 డిసెంబరు 24న అధ్యక్షుడు బుష్ క్షమాభిక్ష పెట్టాడు. మా కార్యాలయంలో ఒక పద్దు డబ్బు మరొక పద్దుకు మళ్లించినవానికి సస్పెన్షన్ తప్పేది కాదు.

మన తూనికరాళ్లు కూడా సరిగా ఉండాలి

ఇంతవరకు చదివి తల ఊపిన పాఠకులు ఇకముందు కొంచెం ఓపిక పట్టాలి. అమెరికాను విమర్శించడం మన సభల్లో సులభం. చప్పట్లు కూడా వస్తాయి. అదే కొలతతో ముస్లిం పేరున్న ప్రభుత్వాలను కొలవమంటే గొంతులు తగ్గుతాయి. మేము ఆ మౌనాన్ని అంగీకరించలేము. సాక్ష్యం తమకు, తమ తల్లిదండ్రులకు, తమ బంధువులకు వ్యతిరేకమైనా న్యాయం పక్షాన నిలబడాలన్నది మన గ్రంథం మనకు నేర్పిన ధర్మం.

పాకిస్తాన్ ప్రభుత్వ సంస్థలు అఫ్ఘన్ యుద్ధంలో నేర్చిన విద్యను కశ్మీర్‌లో ప్రయోగించాయి. కశ్మీరీల న్యాయమైన ఆవేదనకు దానితో మేలు జరగలేదు. వారి ఇళ్ల ముందుకు రెండు వైపుల తుపాకులూ వచ్చాయి. 2008 నవంబరులో లష్కరే తయ్యిబా ముఠా ముంబయి నగరంపై దాడి చేసింది. చనిపోయిన వారిలో ముస్లింలు కూడా ఉన్నారు. ఆ తొమ్మిది శవాలకు తమ ఖబ్రస్తాన్‌లో చోటివ్వబోమని ముంబయి ముస్లిం జామా మసీదు ట్రస్టు ప్రకటించింది. పరాయి ప్రభుత్వాల రహస్య యుద్ధాలకు మన సమాజం ఇచ్చిన జవాబుల్లో అంతకంటె స్పష్టమైనది మాకు తెలియదు. సిరియాలో 2011 తర్వాత వాషింగ్టన్, రియాద్, దోహా, అంకారా ఒక వైపు, టెహరాన్, మాస్కో మరొక వైపు సాయుధ బలాలను నిలిపి ఒక ప్రాచీన దేశాన్ని శిథిలం చేశాయి. అందులో ఎవరి జెండాపై ఏ నినాదమున్నదన్నది అలెప్పో తల్లికి అనవసరం.

మన దేశమూ ఈ లెక్కకు బయట లేదు. 1983 తర్వాత శ్రీలంక తమిళ సాయుధ బృందాలకు మన గడ్డపై శిక్షణ, ఆయుధాలు లభించాయి. తమిళుల బాధ నిజమైనదే. కాని ఆ తుపాకి ఎటు తిరిగింది? 1987లో అక్కడికి వెళ్లిన మన శాంతి సేనలో వెయ్యిమందికి పైగా జవాన్లు మరణించారు. 1991 మే 21న శ్రీపెరుంబుదూరులో రాజీవ్ గాంధీని ఎల్టీటీఈ బలిగొన్నది. ఒకరికి తవ్విన గోతిలో ఎవరు పడతారో తవ్వేవానికి ముందుగా తెలియదు.

విదేశీ హస్తం, స్వదేశీ సంకెళ్లు

ఇదంతా ఎక్కడో జరిగినది, తెలుగు నేలపై మనకేమి అని యువకులు అడగవచ్చు. ఏ దేశమో మరొక దేశంలో చాటుమాటుగా తుపాకి పంచినప్పుడల్లా విదేశీ హస్తం అనే మాటకు బలం చేకూరుతుంది. ఆ మాట వినబడినప్పుడల్లా ఆ హస్తానికి వేళ్లుగా వెదకబడేది మన పిల్లలే. 2007 మే 18న హైదరాబాదు మక్కా మసీదులో శుక్రవారం నమాజు వేళ బాంబు పేలింది. ప్రాణాలు కోల్పోయినవారు నమాజీలు. ఆ వెనువెంటనే విదేశీ ముఠాల పేర్లు వినిపించాయి, నగరంలో పదుల కొద్దీ ముస్లిం యువకులు నిర్బంధంలోకి వెళ్లారు. తర్వాత న్యాయస్థానాలు వారిని నిర్దోషులుగా విడిచిపెట్టాయి. కొందరికి రాష్ట్ర ప్రభుత్వం పరిహారం ప్రకటించింది. 2013లో హైకోర్టు ఆ పరిహారాన్నీ కొట్టివేసింది. పోయిన చదువు, పోయిన ఉద్యోగం, పోయిన పెళ్లి సంబంధం ఏ పద్దు కింద తిరిగి వస్తాయి?

మా వీథిలో ఒక కుర్రవాడు బీటెక్ చదివి పెద్ద నగరంలో ఉద్యోగానికి వెళ్లాడు. ఇల్లు అద్దెకు అడిగితే పేరు వినగానే గది ఖాళీ లేదన్నారు. ఆ పిల్లవాడు మా దగ్గరికి వచ్చి, "తాతా, అఫ్ఘానిస్తాన్ ఏ దిక్కున ఉన్నదో కూడా నాకు తెలియదు. దాని అప్పు నేనెందుకు తీర్చాలి?" అన్నాడు. మా దగ్గర సమాధానం లేకపోయింది. ఈ వ్యాసం ఆ పిల్లవానికి మేము ఆలస్యంగా ఇస్తున్న సమాధానం.

నాయనా, ఆ అప్పు నీది కాదు. ఆ పత్రంపై నీ సంతకం లేదు, నీ తాతల సంతకమూ లేదు. సంతకం పెట్టినవారి పేర్లు, తేదీలు, మొత్తాలు పైన రాశాము. ఎవరైనా నిన్ను అడిగితే తల దించుకోకు, ఈ లెక్క చూపించు. దానితోపాటు మరొకటి కూడా చెయ్యి. నీ ధర్మం పేరు చెప్పి ఎవడైనా దూరదేశపు యుద్ధానికి పిలిచిన నాడు, ఆ తుపాకి కొన్న డబ్బు ఎవరిదని మొదట అడుగు. మేము మీ వయసులో అడగనిది అదే.

ఇక పెద్దలు చేయవలసినది ఉన్నది. మన దేశ గూఢచార సంస్థలకు పార్లమెంటు చేసిన ప్రత్యేక చట్టమేదీ ఆధారంగా లేదు. 2011లో లోక్‌సభలో ఒక సభ్యుడు ఇందుకోసం ప్రైవేటు బిల్లు ప్రవేశపెట్టారు, అది చట్టం కాలేదు. ఏ పార్టీ అభ్యర్థి మన గడప తొక్కినా షాదీఖానా, ఖబ్రస్తాన్ గోడ అడిగి ఊరుకోవద్దు. రహస్య సంస్థల ఖర్చుకు, చర్యలకు పార్లమెంటు ముందు జవాబుదారీతనం ఉండాలని అడగండి. నిర్దోషిగా విడుదలైనవానికి పరిహారం దయగా కాక చట్టబద్ధమైన హక్కుగా రావాలని అడగండి. హేగ్ తీర్పు నికరాగువాకే కాదు, కాబూల్‌కు, టెహరాన్‌కు, కొలంబోకు, శ్రీనగర్‌కు కూడా వర్తించాలని ప్రతి సభలో చెప్పండి.

ఒక కుర్చీ మరమ్మతుకు జవాబు చెప్పిన గుమాస్తాలము మేము. ఒక దేశాన్ని విరగగొట్టినవారు జవాబు చెప్పకుండా పింఛను పుచ్చుకుని వెళ్లిపోవడం మేము ఒప్పుకోము. ఆ ఫైలు ఇంకా మూతపడలేదు.